కాంగ్‌షీ నిఘంటువు పట్టుకుని ధాన్యకటకం దాకా: ప్రాజెక్టు డైరీ

చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ మన ఆంధ్రదేశం గురించి రాసిన రెండు చిన్న భాగాలను చైనీస్ మూలంలోనే, అక్షరం అక్షరం పట్టుకుని చదివి తెలుగులోకి తెచ్చుకోవాలి. ఈ ప్రాజెక్టు పని ఇంతే. ఆయన 645లో చాంగాన్‌కు తిరిగి చేరాడు. ఆ మరుసటి ఏడాదికి బియాన్‌జీ అనే భిక్షువు సాయంతో 12 సంపుటాల యాత్రా నివేదిక పూర్తయింది. పదో సంపుటంలో 17 దేశాల వర్ణన ఉంది. వాటిలో పదమూడోది ఆంధ్ర, పద్నాలుగోది ధాన్యకటకం.

మన చరిత్ర పుస్తకాల్లోకి ఈ భాగాలు ఎక్కువగా శామ్యూల్ బీల్ 1884 అనువాదం మీదుగానో, థామస్ వాటర్స్ 1904-05 వ్యాఖ్యానం మీదుగానో వచ్చాయి. ఇద్దరూ చేసింది పెద్ద పని. అయినా మన ఊళ్ల గురించి, మన మనుషుల గురించి, మన మాట గురించి పదమూడు శతాబ్దాల కిందట ఒకాయన రాసిపెట్టిన వాక్యాలను మనం ఎప్పుడూ ఇంగ్లీషులోనే చదవడం నాకు వెలితిగా ఉంటుంది. ఉద్యోగం కోసం నేర్చుకున్న వాడుక చైనీస్ నాకు కొంత వచ్చు. కానీ పాత గ్రంథ భాష దారి వేరు. దానికి నిఘంటువు చేతిలో ఉండాలి, అదీ పాత నిఘంటువే కావాలి.

జూన్ మొదటి వారం: ఏ కాపీ దేనికి

డిజిటల్ నిఘంటువు అని ఒకే మాట అంటాం గానీ నా ఫోల్డరులో చేరినవి మూడు రకాలు.

మొదటిది పుటల ఫొటోలు. కాంగ్‌షీ చక్రవర్తి 1710లో ఆజ్ఞ ఇస్తే 1716లో పూర్తయిన నిఘంటువు అది. 47,035 అక్షరాలను 214 మూలాంగాల కింద సర్దారు. మూలాంగం అంటే అక్షరంలో గుర్తుపట్టగల ముఖ్య భాగం: నీరు, చెట్టు, రాయి, చేప, ఇలా. 1880లలో షాంఘైలో శిలాముద్రణ చేసిన ప్రతే తర్వాతి పునర్ముద్రణల్లో చాలావాటికి ఆధారం. నేను దించుకున్న స్కాన్ కూడా ఆ వంశంలోదే.

రెండోది టైపు చేసిన పాఠం. అదే నిఘంటువును ఎవరో ఓపికగా యూనికోడ్‌లోకి ఎక్కించారు. ఇందులో వెతకొచ్చు, కాపీ చేసుకోవచ్చు.

మూడోది డేటా. సీసీ-సీఈడిక్ట్ ఇలాంటిది. 1997లో పాల్ డెనిసోవ్‌స్కీ మొదలుపెట్టిన చైనీస్-ఇంగ్లీషు పదపట్టిక ఇప్పుడు లక్షా ఇరవై వేలకు పైగా పదాలతో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. యూనికోడ్ సంస్థ ఇచ్చే యూనిహాన్ అనే అక్షర వివరాల పట్టికలూ ఈ కోవలోవే. బౌద్ధ పదాలకు సూట్‌హిల్, హోడస్ కలిసి 1937లో వేసిన నిఘంటువు డిజిటల్ పాఠం కూడా తెచ్చుకున్నాను. సంఘారామం (భిక్షువుల విహారం), స్తూపం, మహాసాంఘికులు (ఒక బౌద్ధ శాఖ) లాంటి మాటలకు వాడుక నిఘంటువులో ఒక ముక్కే దొరుకుతుంది. ఇందులో సంస్కృత రూపం కూడా పక్కనే ఉంటుంది. తెలుగులో రాసేవాడికి అది నేరుగా పనికొస్తుంది.

ఈ మూడింటిలో దేన్ని ఎంత నమ్మాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. చైనీస్‌లో 'తాను' అనే అక్షరం, 'ఇప్పటికే' అనే అక్షరం, పంచాంగంలో పాముకు గుర్తయిన అక్షరం మూడూ దాదాపు ఒకే గీతలు. ఎడమ పక్క గీత పైకి వెళ్లి ఎక్కడ ఆగిందన్నదే తేడా. మొదటిదానిలో నోరు పూర్తిగా తెరిచి ఉంటుంది, రెండోదానిలో సగం మూసి, మూడోదానిలో పూర్తిగా మూసి. పాత చెక్క అచ్చుల్లో రెండోదాన్ని, మూడోదాన్ని ఒకేలా చెక్కడం మామూలే. టైపు చేసినవాళ్లు చూసింది చూసినట్టు కొట్టేస్తే, పాఠంలో 'ఇప్పటికే' ఉండాల్సిన చోట పాము వచ్చి కూర్చుంటుంది. నేను చదవబోయే ధాన్యకటకం వాక్యంలో ఈ 'ఇప్పటికే' ఉంది. కాబట్టి నియమం ఇలా పెట్టుకున్నాను: వెతకడం డేటాలో, చదవడం పాఠంలో, ఖాయం చేసుకోవడం పుట ఫొటోలో. నా ప్రోగ్రాములో ఏ అర్థం కనిపించినా ఒక్క నొక్కుతో పుట దాకా వెళ్లగలగాలి.

జూన్ రెండో వారం: పట్టికలు ఎక్కించడం

సీసీ-సీఈడిక్ట్ ఫైలు ఎంత సరళంగా ఉంటుందంటే చూస్తే ముచ్చటేస్తుంది. ఒక పదానికి ఒక వరస. ముందు పాత లిపి రూపం, ఒక ఖాళీ, సరళీకృత లిపి రూపం, చదరపు బ్రాకెట్లలో ఉచ్చారణ, ఆ తర్వాత వాలు గీతల మధ్య అర్థాలు. టోన్లు, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు, 1 నుంచి 5 దాకా అంకెలుగా ఉంటాయి. చిన్న పైథాన్ ప్రోగ్రాముతో మొత్తం ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులోకి వెళ్లిపోయింది. ఈ పట్టిక నిత్యం మారుతూ ఉంటుంది కాబట్టి దించుకున్న తేదీని కూడా ఒక వరసలో రాసి ఉంచాను. ఆరు నెలల తర్వాత అర్థం మారినట్టు కనిపిస్తే ఏ కాపీ చూసి రాశానో తెలియాలి కదా.

వెతకడానికి పాత లిపి గడినే పెట్టుకున్నాను. సరళీకృత లిపిలో 'వెనుక', 'రాణి' రెండూ ఒకే అక్షరం. పాత లిపిలో వేర్వేరు. మూలం పాత లిపిలో ఉంది కాబట్టి ఆ గందరగోళాన్ని తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేదు.

ఈ వారం ఎక్కువ సమయం తీసుకున్నది మరో సంగతి. ఒక పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన 'రాయి' అక్షరానికి నా పట్టికలో ఫలితం రాలేదు. కంటికి అదే అక్షరం, అదే రూపం. కోడ్ సంఖ్య చూస్తే వేరు. యూనికోడ్‌లో కాంగ్‌షీ మూలాంగాలు 214కీ ప్రత్యేకంగా ఒక బ్లాకు ఉంది. మామూలు అక్షరంగా 'రాయి'కి ఒక సంఖ్య, నిఘంటువు శీర్షికగా 'రాయి'కి మరో సంఖ్య. కొన్ని పీడీఎఫ్‌లలోంచి కాపీ చేస్తే మామూలు అక్షరం బదులు ఈ శీర్షిక అక్షరం వచ్చి పడుతుంది. ఎన్‌ఎఫ్‌కేసీ అనే యూనికోడ్ సాధారణీకరణ చేస్తే శీర్షిక అక్షరాలన్నీ మామూలు అక్షరాలుగా మారిపోతాయి. అయితే అది విరామ చిహ్నాల రూపాలను కూడా మార్చేస్తుంది. అందుకని మూల పాఠాన్ని ముట్టుకోకుండా ఒక గడిలో ఉంచి, వెతకడానికి మాత్రమే సాధారణీకరించిన పాఠాన్ని పక్క గడిలో పెట్టాను. తెలుగులో అరసున్న, పొల్లు, జీరో-విడ్త్ గుర్తులతో కుస్తీ పట్టినవాళ్లకు ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

జూన్ చివర: మాటలు విడగొట్టడం

యాత్రా నివేదిక పాఠం సీబీఈటీఏ నుంచి తీసుకున్నాను. తైవాన్‌లో 1998లో మొదలైన ఈ బృందం చైనీస్ బౌద్ధ గ్రంథాల్ని డిజిటల్ రూపంలో, వాణిజ్యేతర వాడకానికి ఉచితంగా ఇస్తోంది. జపాన్‌లో అచ్చయిన తైషో త్రిపిటకంలో మన గ్రంథం సంఖ్య 2087, సంపుటం 51. అదే సంఖ్యతో ఫైలు దొరుకుతుంది. యూనికోడ్‌లో లేని అక్షరం వస్తే ఈ బృందం దాని భాగాల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి, పక్కపక్కన ఉంటే నక్షత్రం గుర్తు, ఒకదాని మీద ఒకటి ఉంటే వాలు గీత వేసి చూపిస్తుంది. చక్కటి పద్ధతి. నేను కూడా నా నోట్సులో అలాగే రాయడం మొదలుపెట్టాను.

చైనీస్ రాతలో మాటల మధ్య ఖాళీ ఉండదు. మామూలుగా చేసేది ఏమిటంటే, ఎడమ నుంచి మొదలుపెట్టి నిఘంటువులో దొరికే అతి పొడవైన మాటను కత్తిరించుకుంటూ పోవడం. ఆంధ్ర భాగంలో నాకు ప్రాణప్రదమైన వాక్యం ఒకటుంది. ఇక్కడి మాట, పలుకు తీరు మధ్య ఇండియాకు భిన్నం, లిపి విషయానికొస్తే పద్ధతి చాలావరకు ఒకటే అంటాడు. మన భాష వేరని ఒక విదేశీయుడు 7వ శతాబ్దంలోనే చెవితో విని రాసిన మాట ఇది.

దీన్ని ప్రోగ్రాముకు ఇస్తే 'మధ్య ఇండియా' విరిగిపోయింది. ఆ మాట మూడు అక్షరాలు: జోంగ్, యిన్, దూ. జోంగ్ అంటే మధ్య, యిన్‌దూ అంటే ఇండియా. కానీ నేటి చైనీస్‌లో జోంగ్ అంటే చైనా కూడా, జోంగ్-యిన్ అంటే వార్తాపత్రికల భాషలో చైనా-ఇండియా. ఎడమ నుంచి కత్తిరిస్తే ముందు అదే దొరికింది. ఇక మిగిలిన దూకు 'డిగ్రీ' అని అర్థం ఇచ్చింది. హ్యూయెన్‌త్సాంగ్ నోట చైనా-ఇండియా సంబంధాలు, ఉష్ణోగ్రతా!

దీనికి మందు పాతదే, బాగా పనిచేసేదే. కుడి నుంచి కూడా ఒకసారి కత్తిరించి రెండు ఫలితాల్నీ పోల్చడం. కుడి నుంచి వస్తే ముందు యిన్‌దూ దొరుకుతుంది, జోంగ్ విడిగా మిగులుతుంది. రెండు దారులూ ఒకే చోట కలిస్తే తెల్లగా వదిలేస్తుంది, తేడా వస్తే ఆ ముక్కను పసుపు రంగులో చూపిస్తుంది. నిర్ణయం నాది. పాత గ్రంథ భాషలో చాలా మాటలు ఏకాక్షరాలే కాబట్టి 'రెండక్షరాల మాట దొరికినా విడగొట్టి చూపించు' అనే మీట కూడా పెట్టాను. ఇలాంటి పనిలో యంత్రం అనుమానాన్ని దాచకుండా చూపిస్తే చాలు. మిగతాది మనిషి చేసుకుంటాడు.

జులై: అక్షరం నుంచి పుటకు

ఈ ప్రాజెక్టుకు వెన్నెముక ఇదే.

యూనిహాన్ పట్టికల్లో ప్రతి అక్షరానికీ కాంగ్‌షీ నిఘంటువులో దాని స్థానం రాసి ఉంటుంది. 1187.060 అని ఉంటే 1187వ పుటలో ఆరో అక్షరం. చివరి అంకె సున్నా అయితే అక్షరం నిజంగా ఆ పుటలో ఉంది. ఒకటి అయితే నిఘంటువులో లేదు, ఉంటే అక్కడ ఉండేది అని అర్థం. 'ఒకటి' అనే అక్షరానికి, అంటే ఒకే అడ్డగీతకు, 0075.010 అని ఉంటుంది. ముందుమాటలు, పట్టికలు పోగా నిఘంటువు అసలు మొదలయ్యేది అక్కడ. ఈ పుట సంఖ్యలు బీజింగ్‌లో జోంగ్‌హ్వా సంస్థ 1989లో వేసిన ముద్రణవి. చింగ్ కాలపు, అంటే కాంగ్‌షీ వంశం ఏలిన కాలపు దారంకుట్టు ప్రతులు ఏ భాగానికా భాగం పత్రాల లెక్కలో నడుస్తాయి కాబట్టి ఈ సంఖ్యలు వాటికి అతకవు. స్కాన్ దించుకునే ముందే అడుగున పుట సంఖ్య ఎలా ఉందో చూసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

స్కాన్‌ను ఒక్కో పుటగా విడగొట్టి ఫైలు పేర్లుగా పుట సంఖ్యలు పెట్టాలి. మొదట్లో ఉండే అట్ట, ఖాళీ కాగితాల వల్ల ఫొటో సంఖ్యకూ పుట సంఖ్యకూ తేడా ఉంటుంది. ఆ తేడా పుస్తకం పొడవునా ఒకేలా ఉంటే ఒక కూడికతో పనైపోయేది. నా దగ్గరున్న స్కాన్‌లో మధ్యలో ఒక పుట రెండుసార్లు వచ్చింది, అక్కడి నుంచి లెక్క జరిగిపోయింది. పుటలన్నీ కూర్చుని చూడటం అయ్యే పని కాదు. 214 మూలాంగాల ఆరంభ పుటల్ని మాత్రం యూనిహాన్ నుంచి తీసి, ఒక్కొక్కటీ తెరిచి, పెద్ద అక్షరంలో ఆ మూలాంగం ఉందో లేదో చూశాను. తేడా ఎక్కడ పుట్టిందో రెండు మూలాంగాల మధ్య ఇరుక్కుని దొరికిపోయింది. ఆ విభాగం ఒక్కటీ పుటపుటా చూస్తే సరిపోయింది.

పుట తెరుచుకున్నాక అందులో ఆరో అక్షరం ఎక్కడుందో కంటితో వెతుక్కోవాలి. పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు చదవాలి. తల అక్షరం పెద్దది, దాని కింద వివరణ రెండు సన్నని వరసల్లో ఇరికించి ఉంటుంది. ఆ జంట వరసల్ని ఓసీఆర్‌తో, అంటే ఫొటోలోని అక్షరాల్ని గుర్తుపట్టే ప్రోగ్రాముతో చదివించబోతే రెంటినీ కలిపి ఒకే వరసగా కలగాపులగం చేసింది. ఆ ప్రయత్నం ఆపేశాను. బదులుగా తెర మీద పుట పక్కన 'దీనికి ముందు అక్షరం ఇది, తర్వాత అక్షరం ఇది' అని చూపించేలా చేశాను. ఇరుగుపొరుగు తెలిస్తే కన్ను చప్పున పట్టుకుంటుంది.

వివరణ ఎలా నడుస్తుందో ఒక అక్షరం మీద చూపిస్తాను. ధాన్యకటకంలో సంఘారామాలు ఎలా ఉన్నాయో చెబుతూ ఆయన వాడిన మాట లిన్-త్స్. త్స్ అంటే వరస. లిన్ ఏమిటి? యూనిహాన్ పుట ఇచ్చింది, పుట తెరిచాను. చేప మూలాంగం, అంటే 195వది. మిగతా గీతలు 12. తల అక్షరం కింద మొదట ఉచ్చారణ: లీ, జెన్ అనే రెండు అక్షరాలు, వాటి కింద 'కోత' అనే గుర్తు. పూర్వం చైనాలో ఉచ్చారణ చెప్పే పద్ధతి ఇది. మొదటి అక్షరం నుంచి హల్లు తీసుకో, రెండోదాని నుంచి అచ్చు, ఆపై భాగం, టోన్ తీసుకో. లీ లోంచి ల, జెన్ లోంచి ఎన్. కలిపితే లెన్ రావాలి, కానీ నేడు పలికేది లిన్. తాంగ్ కాలంలో, అంటే హ్యూయెన్‌త్సాంగ్ నాటి రాజవంశ కాలంలో, ఈ రెండూ ఒకే ప్రాసలో ఉండేవి. తర్వాత జ లాంటి హల్లుల పక్కన ఇకారం కరిగిపోయింది, ల పక్కన నిలిచింది. ఉచ్చారణ తర్వాత అర్థం: క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన మొట్టమొదటి అక్షర నిఘంటువు నుంచి ఉదాహరణ. అక్కడ 'చేప కవచం' అని ఉంది. అంటే పొలుసు.

ఆ వాక్యం ఇప్పుడు తెలుగులో ఇలా వచ్చింది: 'సంఘారామాలు చేప పొలుసుల్లా వరసలు తీరి ఉన్నాయి, కానీ ఇప్పటికే బాగా పాడుబడ్డాయి. నిలిచినవి ఇరవై పైచిలుకు.' పొలుసుల వరస అన్న మాట కళ్ల ముందుంటే, ఒకప్పుడు అక్కడ ఎన్ని విహారాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవో వేరే చెప్పక్కర్లేదు.

తెనాలిలో ఉంటున్న మా మావయ్య చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యారు. ఫోన్లో ఈ వాక్యం వినిపించాను.

"పొలుసులు అన్నాడా? నిజంగా ఆ మాటే ఉందా?"

"ఆ మాటే ఉంది మావయ్యా. మూలాంగం కూడా చేపే."

"అయితే ఆ పుట ఫొటో నాకు వాట్సాప్‌లో పెట్టరా. అక్షరం చుట్టూ గీత గీసి పెట్టు, నాకు కనబడాలి."

ఆయన మాటతో ఒక మంచి సదుపాయం పుట్టింది. ఇప్పుడు ప్రోగ్రాములో పుట మీద ఎర్ర చతురస్రం గీసి, అక్షరం, పుట సంఖ్య, నా తెలుగు అర్థం కలిపి ఒకే ఫొటోగా సేవ్ చేయొచ్చు. చైనీస్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా నేను ఏ పుట చూసి ఆ మాట రాశానో చూడగలుగుతున్నారు.

జులై మూడో వారం: ఒక చుక్క లేని పేరు

యాత్రికుడి పేరులోని మొదటి అక్షరం షువాన్, మనం హ్యూయెన్ అని రాసేది. నలుపు, గూఢం అని అర్థం, 95వ మూలాంగం. చింగ్ కాలంలో అచ్చయిన పుస్తకాల డిజిటల్ పాఠాల్లో ఈ పేరుతో వెతికితే చాలాచోట్ల ఫలితం రాదు. కారణం కాంగ్‌షీ చక్రవర్తి సొంత పేరు షువాన్-యే. చక్రవర్తి పేరులోని అక్షరాన్ని మామూలుగా రాయకూడదని కట్టడి. అందుకే చివరి చుక్క వేయకుండా వదిలేసేవారు, లేదా దాని బదులు యువాన్ అనే వేరే అక్షరం వాడేవారు. ఆయన పేరు పెట్టుకున్న నిఘంటువులోనే 95వ మూలాంగం తెరిస్తే ఆ అక్షరానికి చివరి చుక్క లేదు! ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. మూడు వందల ఏళ్ల నాటి రాజాజ్ఞ ఒక చుక్క లేకపోవడంలో అలాగే నిలిచి ఉంది.

యూనికోడ్ ఈ చుక్కలేని రూపానికి విడిగా ఒక సంఖ్య ఇచ్చింది, విస్తరణ-బి అనే బ్లాకులో. 2001లో చేరిన ఆ బ్లాకులో 42,711 అక్షరాలున్నాయి. కాంగ్‌షీలోని అరుదైన అక్షరాల్లో ఎక్కువ భాగం అక్కడివే. నా ప్రోగ్రాములో 'రూపాంతరాలు' అనే పట్టిక చేర్చాను. షువాన్ అని వెతికితే చుక్క ఉన్నదీ లేనిదీ రెండూ వస్తాయి. యువాన్ మాత్రం వేరే సొంత అర్థం ఉన్న మామూలు అక్షరం కాబట్టి దాన్ని మనిషి పేర్లకే పరిమితం చేశాను.

ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే. ఒక ఫాంటు ఫైలులో 65,535 రూపాలకు మించి పట్టవు. అన్ని చైనీస్ అక్షరాలూ ఒకే ఫాంటులో ఇమడవు. కళింగ దేశం పేరులోని మధ్య అక్షరం నా తెర మీద ఖాళీ పెట్టెగా వచ్చింది. నోటో ఫాంటుకు తోడుగా అరుదైన అక్షరాల కోసం బేబెల్‌స్టోన్ హాన్ పెట్టాక సర్దుకుంది.

ఆగస్టు: ధాన్యకటకం పేరు

మూలంలో ధాన్యకటకం అయిదు అక్షరాలు. నేటి ఉచ్చారణలో తువొ-నా-జియె-జె-జియా. ఇది ధాన్యకటకం అని ఎవరికి తడుతుంది? విడి అర్థాలు ఇంకా విడ్డూరం: మోయు, ఆ, విత్తులు కొట్టిన పొట్టేలు, ముక్కలుగా నరికే శిక్ష. చివరిది ధ్వని కోసం వాడేదే. యంత్రం ఈ అర్థాలే వరసగా పేర్చి ఇచ్చింది. శబ్దం కోసం ఏరిన అక్షరాలకు అర్థం వెతక్కూడదని దానికి తెలియదు. అందుకని పేర్ల పట్టికను నిఘంటువు కంటే ముందు చూసేలా పెట్టాను. ఈ పట్టికలో ఒకే పేరుకు వేర్వేరు అక్షరాలు ఉండొచ్చు. ఆంధ్ర అనే పేరునే ఇదే సంపుటంలో రెండు రకాలుగా రాశారు. దేశం శీర్షికలో ఒక రకం, ధాన్యకటకం పక్కన 'దీన్నే మహాంధ్ర దేశమని కూడా అంటారు' అని పెట్టిన చిన్న అక్షరాల గమనికలో మరో రకం.

ఇక అసలు పండగ. నాలుగో అక్షరం జె. డేటాలో ఉన్నది నేటి బీజింగ్ ఉచ్చారణ. అది చూస్తే 'కటక'లోని 'ట' ఎక్కడికి పోయిందో అర్థం కాదు. కాంగ్‌షీ పుటకు వెళ్లాను. రాయి మూలాంగం, మరో పది గీతలు. ఉచ్చారణ కోతలో రెండు అక్షరాలు: జ్ర్, గె. అంటే మొదటిదాని హల్లు, రెండోదాని అచ్చు. ఈ జ్ర్ అనే అక్షరం ఏ హల్లు వర్గానిదో పాత ప్రాస గ్రంథాలు చెబుతాయి. తాంగ్ కాలంలో ఆ వర్గం ధ్వని నాలుకను మడిచి పలికే 'ట' అని భాషాశాస్త్రవేత్తలు తేల్చారు. సంస్కృతంలోని 'ట'ను చైనీస్‌లో రాయడానికి బౌద్ధ అనువాదకులు వాడింది కూడా ఈ వర్గపు అక్షరాల్నే. గె అక్షరం చివర అప్పట్లో క్ ఉండేది. నేటి కాంటనీస్‌లో దాన్ని ఇంకా గాక్ అనే అంటారు. కలిపితే టక్. అలాగే మూడోది కత్, మొదటిది ద. ద-న-కత్-టక్-క. ముందు అక్షరం చివరి హల్లు తర్వాతి అక్షరం మొదటి హల్లులోకి ఒదిగిపోయేలా ఏరినట్టుంది. గట్టిగా పలికి చూడండి, ధానకటక వినిపిస్తుంది.

మైదవోలు ప్రాకృత శాసనంలో ఇదే ఊరి పేరు ధంఞకడ. అక్కడ రాగిరేకు, ఇక్కడ చైనీస్ కోత. హ్యూయెన్‌త్సాంగ్ చెవి ఎంత నిక్కచ్చిదో ఈ ఒక్క అక్షరం చెబుతుంది. నేటి ఉచ్చారణ పట్టిక ఒక్కటే ఉంటే ఈ 'ట' దొరికేదే కాదు. పాత నిఘంటువు పుటను చేతికందేలా ఉంచుకోవడం ఎందుకు ముఖ్యమో దీనికి మించిన రుజువు నాకు అక్కర్లేదు.

ఆ భాగంలో ఇప్పటిదాకా ఖాయమైన వాక్యాలు కొన్ని: 'నేల సారవంతం, పంట సమృద్ధి. బీడు ఎక్కువ, ఊళ్లు తక్కువ. వాతావరణం వెచ్చన. మనుషులు నల్లనివారు, స్వభావం తీవ్రం, విద్యలూ కళలూ అంటే ఇష్టం. భిక్షువులు వెయ్యికి పైగా, ఎక్కువ మంది మహాసాంఘికుల మార్గం అభ్యసిస్తారు. దేవాలయాలు వందకు పైగా.' ఆ తర్వాత నగరానికి తూర్పు కొండ మీద పూర్వశైల విహారం, పడమటి కొండ మీద అవరశైల విహారం. ఈ రెండు పేర్లకూ మూలంలోనే 'తాంగ్ భాషలో తూర్పు కొండ', 'పడమటి కొండ' అని అర్థం రాసి ఉంది కాబట్టి పేర్ల పట్టికలో అనుమానానికి తావు లేదు.

పంచుకోవడం గురించి

చాలామంది అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా. సీసీ-సీఈడిక్ట్ లైసెన్సు మార్పులకు అనుమతిస్తుంది, పేరు చెప్పి అదే లైసెన్సుతో తిరిగి ఇవ్వాలి. దాని ఆధారంగా నేను రాసిన తెలుగు అర్థాలు అలాగే విడుదల చేస్తాను. తైవాన్ విద్యాశాఖ పెద్ద నిఘంటువు కూడా ఉచితమే, కానీ మార్చి ఇవ్వడానికి వీల్లేని లైసెన్సు. అందుకని అది చదువుకోవడానికే, అందులోంచి తెలుగు అనువాదాలు పట్టికలోకి తీసుకోలేదు. సీబీఈటీఏ పాఠం డబ్బు చేసుకోని పనికి మాత్రమే. స్కాన్ పుటల్ని నా ఫైలుతో కలిపి ఇవ్వడం లేదు. పుట సంఖ్యలు, మూలాంగాల ఆరంభ పుటల పట్టిక, వాటిని సరిచూసే ప్రోగ్రాము ఇస్తాను. ఎవరి స్కాన్ వాళ్లు దించుకుని లెక్క కుదుర్చుకోవచ్చు.

కాంగ్‌షీలోనూ తప్పులున్నాయని మరిచిపోకూడదు. వాంగ్ యిన్‌జీ 1831లో 2,588 సవరణలు చూపించాడు. కొన్ని ముద్రణల చివర ఆ సవరణల పట్టిక ఉంటుంది. దాన్ని పుట సంఖ్యలకు జతచేసే పని మొదలైంది. సవరణ ఉన్న అక్షరం తెరిస్తే పక్కన చిన్న గుర్తు వస్తుంది. ఉదాహరణగా ఎత్తి రాసిన పాత గ్రంథాల మాటల్లోనే ఎక్కువ పొరపాట్లు దొర్లాయి కాబట్టి, కాంగ్‌షీ ఉదాహరణను తెలుగులోకి తెచ్చే ముందు ఆ గుర్తు ఉందేమో చూడటం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఆంధ్ర భాగం పూర్తయింది, రాజధాని దగ్గరి విహారం, దాని ముందున్న రాతి స్తూపం, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు తర్కశాస్త్రం రాసిన ఒంటి కొండతో సహా. రాజధాని పేరు పింగ్-ఛీ-లో అని ఉంది. దీన్ని వేంగిగా గుర్తించినవాళ్లున్నారు. మూడు అక్షరాల పాత ఉచ్చారణ కోతల్నీ పుట ఫొటోలతో సహా పేర్ల పట్టికలో పెట్టాను. నిర్ణయం చరిత్రకారులది.

ధాన్యకటకం భాగంలో మిగిలింది నగరానికి దక్షిణాన ఉన్న పెద్ద రాతిగుట్ట, అక్కడ బౌద్ధ ఆచార్యుడు భావవివేకుడి కథ. ఆవాలు మంత్రించి కొడితే రాతి గోడ తెరుచుకోవడం ఆ కథలోదే. ధారణుల (బౌద్ధ మంత్రాల) పేర్లు ఎక్కువ కాబట్టి సూట్‌హిల్-హోడస్ పట్టిక చేతిలో ఉండాలి. 'తెరుచుకుంది' అనే చోట ఉన్న అక్షరానికి కాంగ్‌షీ పుట ఇప్పటికే తీసి పెట్టాను, లోయ మూలాంగం కింద. మావయ్యకు దాని ఫొటో ఈ రాత్రే పంపాలి.